లాంగ్ రైడ్‌లో వేళ్లు తిమ్మిరెక్కడం, మణికట్టు నొప్పి: ముందు ఏం సరిచేయాలి?

రోడ్డుపురుగు:

అందరికీ నమస్కారం. బండి సింగిల్ సిలిండర్, 400 సీసీ లోపు. హ్యాండిల్‌బార్, గ్రిప్పులు, లివర్లు అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే. ఊళ్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. హైవే మీద గంట, గంటన్నర ఆగకుండా నడిపితే కుడి చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతున్నాయి. ఎడమ చేతికి వచ్చేది వేరే రకం. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు సూదులతో గుచ్చినట్టు జివ్వుమంటాయి. దీనికి తోడు కుడి మణికట్టు పైభాగంలో నొప్పి. 5500 నుంచి 6000 ఆర్‌పీఎం మధ్య నడిపితే అన్నీ ఎక్కువ. బండి ఆపి చేతులు విదిలిస్తే కాసేపటికి తగ్గిపోతాయి.

అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో వస్తువు కొనమంటున్నారు. జెల్ గ్లవ్స్ అని ఒకరు, బరువైన బార్ ఎండ్లు (హ్యాండిల్‌బార్ కొసలకు పెట్టే బరువులు) అని ఒకరు, రైజర్లు (హ్యాండిల్‌బార్‌ను ఎత్తు చేసే ముక్కలు) అని ఇంకొకరు. కొనేముందు అసలు కారణం ఏమిటో తెలుసుకోవాలని ఉంది. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఫిజియో_రైడర్:

ఏ వేళ్లకు వస్తోందో రాశారు, చాలా మంచిదైంది. "చేతులు తిమ్మిరి" అని మాత్రమే రాసి ఉంటే ఎవరేం చెప్పినా ఊహే అయ్యేది. మీ రెండు చేతులకూ కారణాలు వేరు. అందుకే ఒక్క వస్తువు కొంటే రెండూ తగ్గవు.

ఎడమ చేతి సంగతి ముందు చూద్దాం. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో మధ్య వేలి వైపున్న సగం, వీటికి స్పర్శ తెచ్చేది మీడియన్ నరం. అది మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఉన్న కార్పల్ టన్నెల్ అనే ఇరుకు దారిలోంచి వెళుతుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు కూడా అదే దారిలో ఉంటాయి. మణికట్టు పైకి వంగినా, కిందికి వంగినా ఆ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. గట్టిగా పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. క్లచ్ లివర్ మరీ పైకి ఉంటే, దాని మీద వేళ్లు పెట్టినంతసేపూ చేయి పైకి విరిచినట్టే ఉంటుంది. మరీ కిందికి ఉంటే లోపలికి ముడుచుకుంటుంది. రెండూ తప్పే. ఎడమ చేతికి మొదటి అనుమానం లివర్ కోణం మీదే.

కుడి చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలిలో దాని పక్క సగం అల్నర్ నరానివి. ఇది నలిగే చోట్లు రెండు. ఒకటి అరచేతి మడమలో చిటికెన వేలి వైపు. అక్కడ బఠాణీ గింజంత ఎముక ఒకటి తగులుతుంది. నరం ఆ ఎముక పక్కనుంచే, దాదాపు చర్మం కింద వెళుతుంది. అరచేతి ఆ అంచును గ్రిప్ మీద ఆనించి ఒంటి బరువు వేస్తే నరం నేరుగా నలుగుతుంది. రెండో చోటు మోచేతి లోపలి వైపు గాడి. మోచేయి బాగా మడిచి ఎక్కువసేపు ఉంచినా, జాకెట్‌లోని మోచేతి ప్యాడ్ బిగుతుగా ఉన్నా అక్కడ ఒత్తుకుంటుంది.

ఈ రెండిట్లో ఏదో తేల్చే పరీక్ష ఒకటుంది. తిమ్మిరి ఉన్నప్పుడే బండి పక్కకు ఆపి, గ్లవ్ తీసి, చేతి వెనక భాగంలో చిటికెన వేలి వైపు చర్మాన్ని వేలితో రాయండి. అరచేతి వైపు మొద్దుగా ఉండి, వెనక వైపు స్పర్శ మామూలుగా ఉంటే నరం నలుగుతున్నది మణికట్టు దగ్గర. వెనక వైపు కూడా మొద్దుగా ఉంటే అనుమానం మోచేతి మీదికి వెళుతుంది. చేతి వెనక చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టుకు కొన్ని సెంటీమీటర్ల పైనే విడిపోతుంది కాబట్టి, అరచేతిలో నలిగితే ఆ కొమ్మకు ఏమీ కాదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. మెడ ఒక పక్కకు వంచినప్పుడు వేళ్లలో జివ్వు పెరిగినా, భుజం నుంచి కిందికి లాగుతున్నట్టున్నా మూలం మెడలో ఉండొచ్చు. బరువైన బ్యాక్‌ప్యాక్ పట్టీలు భుజాల ముందు భాగాన్ని నొక్కినా చేతుల్లోకి తిమ్మిరి దిగుతుంది. బ్యాగు ఒంటి మీద నుంచి తీసి సీటుకు కట్టండి. ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

కుడి మణికట్టు పైభాగం నొప్పి యాక్సిలరేటర్ వల్లే. గ్రిప్‌ను తిప్పి పట్టుకున్నంతసేపూ మణికట్టు కిందికి దిగి, చేయి వెనక్కి విరిగి ఉంటుంది. దాని సంగతి కింద ఎవరైనా వివరంగా రాస్తారు.

పానాపట్టు:

పైన చెప్పినదానికి బండి మీద చేయాల్సిన పని రాస్తాను. ఖర్చు లేదు. కావలసినవి అలెన్ కీలు, స్పానర్లు, మార్కర్ పెన్ను, దొరికితే టార్క్ రెంచి. వరుస ముఖ్యం: ముందు బార్, తర్వాత లివర్లు, ఆఖర్న అద్దాలు. లివర్లు సరిచేసి ఆ తర్వాత బార్ తిప్పితే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి. సైడ్ స్టాండే ఉంటే ఎవరినైనా నిటారుగా పట్టుకోమనండి. మీరు లాంగ్ రైడ్‌కు వేసుకునే జాకెట్, గ్లవ్స్, బూట్లతోనే కూర్చోండి. షర్టుతో కూర్చుని సరిచేసిన కోణం జాకెట్ వేసుకున్నాక మారిపోతుంది. కళ్లు మూసుకుని, భుజాలు వదులుగా వదిలి, మోచేతులు కొద్దిగా మడిచి చేతులు ముందుకు చాపండి. అరచేతులు గ్రిప్ మీద ఎక్కడ, ఏ కోణంలో పడ్డాయో పక్కనుంచి ఒకరిని ఫొటో తీయమనండి. ఆ ఫొటోలో ముంజేయి, మణికట్టు, చేతి వెనక భాగం ఒకే గీతలో ఉండాలి.

బార్ తిప్పే ముందు దాన్ని పట్టి ఉంచే క్లాంప్ అంచు దగ్గర మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి. పాత స్థానానికి రావాలంటే అదే ఆధారం. ఒక్కసారికి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తిప్పకండి. గ్రిప్ చివర్లో అదే పెద్ద తేడాగా తెలుస్తుంది. బార్‌ను మరీ మీ వైపు తిప్పితే గ్రిప్ బయటి కొసలు కిందికి వాలతాయి, మణికట్టు చిటికెన వేలి వైపు వంగిపోతుంది. మీ కుడి చేతి తిమ్మిరికి అది ఇంకా చెరుపు. బిగించేటప్పుడు క్లాంప్ మూతల మీద చుక్క గుర్తు గానీ బాణం గానీ ఉందేమో చూడండి. గుర్తు ఉన్నవాటిలో ఎక్కువ బండ్లకు ముందువైపు బోల్టులు పూర్తిగా బిగించి, తర్వాత వెనకవి బిగిస్తారు. సందు వెనక వైపే మిగలాలి. గుర్తు లేనివాటికి రెండు వైపులా సందు సమానంగా రావాలి. 8 ఎంఎం బోల్టులకు టార్క్, అంటే బిగించాల్సిన బిగువు, సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది. కానీ మీ బండి మాన్యువల్‌లో ఏ అంకె ఉంటే అదే ఖాయం.

ఇక లివర్లు. పర్చ్ (లివర్‌ను బార్‌కు పట్టి ఉంచే క్లాంప్) బోల్టులు పూర్తిగా విప్పకండి. చేత్తో నెడితే కదిలేంత వదులు చేస్తే చాలు. కూర్చుని, రెండు వేళ్లు లివర్ మీద పెట్టి, మణికట్టు విరగకుండా వేళ్లు ఎక్కడికి చేరుతున్నాయో అక్కడికే లివర్‌ను తిప్పండి. కంపెనీ నుంచి వచ్చే స్థానం సగటు మనిషికి పెట్టింది. పొడుగు మనుషులకు సాధారణంగా లివర్ కొంచెం కిందికి దిగాలి. స్విచ్ బాక్స్ లోపల చిన్న పిన్ను ఒకటి బార్‌లో ఉన్న రంధ్రంలో కూర్చుంటుంది. అందుకే స్విచ్ బాక్స్ తిరగదు. బలవంతం చేస్తే పిన్ను విరుగుతుంది. లివర్‌కు స్విచ్ బాక్స్ అడ్డమొస్తే అక్కడితో ఆపి, మిగిలిన కోణం బార్ తిప్పి సర్దుకోవాలి.

ముందు బ్రేక్ హైడ్రాలిక్ అయితే లివర్‌తో పాటు ఆయిల్ డబ్బా కూడా వాలుతుంది. తిప్పాక హ్యాండిల్ తిన్నగా పెట్టి చూస్తే ఆయిల్ మట్టం కిటికీలో కనిపించాలి, మూత దాదాపు సమతలంగా ఉండాలి. క్లాంప్ మీద పైకి ఉండాల్సిన వైపు గుర్తు ఉంటే దాన్ని పైకే ఉంచండి. పై బోల్టు ముందు, కింది బోల్టు తర్వాత బిగించండి. 6 ఎంఎం బోల్టులు ఇవి, 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే. అతిగా బిగిస్తే అల్యూమినియం మర తెగిపోతుంది. పర్చ్ గట్టిగా కొడితే తిరిగేంత బిగువులో ఉంటే బండి పడినా లివర్ విరగదు. అలాగని చేత్తో లాగితే కదిలేంత వదులు ఉండకూడదు.

లివర్ దూరం సరిచేసే చక్రం ఉంటే, చూపుడు వేలు మొదటి కణుపు మడత లివర్ మీద పడేలా పెట్టుకోండి. వేలి కొసలతో లాగాల్సివస్తే ముంజేతి కండరాలు తొందరగా అలిసిపోతాయి. బ్రేక్‌ను రెండు వేళ్లతో పట్టేవాళ్లు పూర్తిగా నొక్కినప్పుడు లివర్ మిగతా వేళ్లకు తగలకుండా చూసుకోవాలి. క్లచ్ లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట (కేబుల్ బిగుసుకునే ముందు వదులుగా కదిలే దూరం) ఉండటం చాలా బండ్లకు మామూలు. క్లచ్ బరువుగా ఉంటే ముందు కేబుల్ చూడండి. లోపల తీగ పోగులు తెగడం మొదలైతే ఎంత ఆయిల్ పోసినా తేలిక కాదు, మార్చాల్సిందే.

అంతా అయ్యాక హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు తిప్పితే ఆర్‌పీఎం పెరగకూడదు. పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ లాగుతోంది, ఆ స్థితిలో బండి బయటికి తీయొద్దు. బ్రేక్ లివర్ గట్టిగా ఉందా, బ్రేక్ లైటు వెలుగుతోందా, ట్యాంకుకు వేళ్లు తగులుతున్నాయా, ఇవన్నీ చూశాకే రోడ్డెక్కండి.

సింగిల్‌సిలిండర్:

5500–6000 దగ్గరే ఎక్కువ అన్నారు కాబట్టి వైబ్రేషన్ సంగతి వదిలేయలేం. 6000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 100 తిప్పులు. సింగిల్ సిలిండర్‌లో ప్రధానమైన అదురు అదే వేగంతో బార్‌కు చేరుతుంది. ఆ లెక్కకు బార్ సొంత కంపన వేగం దగ్గర పడితే చేతుల్లో జుమ్ మనే అదురు మొదలవుతుంది. నాలుగు సిలిండర్ల బండ్లలో అదురు చిన్నది, కానీ ఆర్‌పీఎంకు రెట్టింపు వేగంతో వస్తుంది. అందుకే ఒక్కో బండికి ఒక్కో మందు.

వస్తువులు కొనేముందు అదురు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంలో టాప్ గేర్‌లోనూ, ఒక గేరు తగ్గించీ నడిపి చూడండి. గేరు మారగానే అదురు స్వభావం మారితే ఇంజిన్ వైపు. వేగం అదే ఉన్నంతసేపు అదురు కూడా అలాగే ఉంటే చక్రం, టైరు, బేరింగుల వైపు. టైరు గడులు ఎగుడుదిగుడుగా అరిగినా, చక్రం బ్యాలెన్స్ తప్పినా, గాలి లెక్క తేడా ఉన్నా అదే జరుగుతుంది.

ఇంజిన్ వైపు అయితే మొదట చూడాల్సింది ఇంజిన్ మౌంట్ బోల్టులు, అంటే ఇంజిన్‌ను ఫ్రేముకు బిగించేవి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాన్యువల్ టార్క్‌తో ఒక్కొక్కటీ సరిచూడండి. ఇంతకుముందు నున్నగా నడిచిన బండి ఈ మధ్యే అదరడం మొదలుపెడితే అనుమానం ముందు వీటి మీదే. తర్వాత చైన్. వెనక చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల వదులు కొలవండి. ఒకచోట బిగువు, ఇంకోచోట జారుడు ఉంటే చైన్ సాగిపోయింది. ఎంత సర్దినా పని చేయదు.

బార్ ఎండ్ బరువుల గురించి ఒక మాట. "బరువైనవి పెట్టు, తగ్గిపోతుంది" అనడం సగం నిజమే. బరువు పెరిగితే బార్ సొంత కంపన వేగం కిందికి దిగుతుంది. మీకు ఇప్పుడు 6000 దగ్గర వస్తున్న అదురు 5000కు దిగొచ్చు. మీరు ఎక్కువగా నడిపేది 5000 దగ్గరే అయితే డబ్బు పెట్టి కష్టం కొన్నట్టే. అందుకని మీరు ఎక్కువసేపు ఏ ఆర్‌పీఎంలో ఉంటారో ముందు రాసి పెట్టుకుని, బరువు మార్చాక అదే దారిలో, అదే ఆర్‌పీఎంలో పోల్చండి. రబ్బరు బుష్‌తో బార్ లోపలికి దూరే రకం, బయట తగిలించే రకం కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఎందుకంటే రబ్బరు కంపనాన్ని మింగుతుంది, ఉత్త ఇనుము దాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతుంది. బార్ లోపల చిన్న ఉక్కు గుండ్లు నింపేవాళ్లూ ఉన్నారు. అవి ఒకదానికొకటి రాసుకుని శక్తిని పీల్చేస్తాయి. పని చేస్తుంది, కానీ రెండు చివర్లూ గట్టిగా మూయాలి. స్విచ్ వైర్లు బార్ లోపలి నుంచి వెళ్లే బండ్లకు ఆ పని పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా తేలికైనది, ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకోటుంది. 300, 400 ఆర్‌పీఎం అటో ఇటో జరిగి నడపండి. అదురు శిఖరం చాలా సన్నగా ఉంటుంది. గంటకు ఐదారు కిలోమీటర్ల తేడాతో దాని బయట పడొచ్చు.

ఎంత అదురు ఎక్కువ అనేదానికి పనివాళ్ల కోసం పెట్టిన కొలత ఒకటుంది. యూరోపియన్ యూనియన్ 2002లో తెచ్చిన 2002/44 ఆదేశంలో చేతులకు చేరే కంపనం 8 గంటల సగటున 2.5 మీ/సె² చేరితే చర్య మొదలుపెట్టాలి, 5 మీ/సె² దాటకూడదు. గ్రిప్ దగ్గర 5 మీ/సె² ఉంటే రెండు గంటలకే 2.5 సగటు వచ్చేస్తుంది. సమయం నాలుగింతలైతే సగటు రెండింతలవుతుంది. అదురు ఎంతో, ఆగకుండా నడిపే సమయం కూడా అంతే ముఖ్యం అనడానికి ఇదే లెక్క.

రోడ్డుపురుగు:

అందరికీ ధన్యవాదాలు. చెప్పిన పరీక్ష చేశాను. కుడి చేతి వెనక భాగంలో స్పర్శ మామూలుగానే ఉంది, అరచేతి వైపే మొద్దు. ఫొటోలో చూస్తే క్లచ్ లివర్ బాగా పైకి ఉంది. దాన్ని దించాక ఎడమ చేతికి తేడా స్పష్టంగా తెలుస్తోంది. కుడి చేతికే ఇంకా ఉంది. యాక్సిలరేటర్‌కు పెట్టే అరచేతి ప్లేటు, యాక్సిలరేటర్‌ను తిప్పినచోటే నిలిపి ఉంచే థ్రాటిల్ లాక్, ఈ రెండిట్లో ఏది మంచిది? గ్లవ్స్ కూడా మార్చాలా?

లాంగ్‌గేర్:

కుడి చేతికి వస్తువు కన్నా ముందు పట్టు మార్చండి. చాలామంది గ్రిప్‌ను మూసి ఉన్న స్థితిలో పట్టుకుని, అదే పట్టుతో హైవే వేగం దాకా తిప్పుతారు. అప్పుడు మణికట్టు కిందికి దిగిపోయి, బరువంతా అరచేతి మడమ మీద, సరిగ్గా ఆ నరం వెళ్లే చోట పడుతుంది. మీకు వస్తున్న రెండు బాధలకూ కారణం ఇదొక్కటే కావొచ్చు. వేగం అందుకున్నాక వేళ్లు ఒకసారి వదిలి, మణికట్టు తిన్నగా ఉండేలా మళ్లీ పట్టుకోండి. ఇంకా మంచి పద్ధతి, గ్రిప్‌ను అడ్డంగా కాకుండా ఏటవాలుగా, స్క్రూడ్రైవర్ పిడి పట్టినట్టు పట్టుకోవడం. అప్పుడు గ్రిప్ అరచేతి మడమను వదిలి, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నుంచి ఏటవాలుగా పోతుంది. తిప్పడానికి మణికట్టు కన్నా మోచేయి ఎక్కువ కదులుతుంది.

తర్వాత యాక్సిలరేటర్ ఎంత బరువుగా ఉందో చూడండి. ఇంజిన్ ఆపి, పూర్తిగా తిప్పి వదిలితే టక్కున మూసుకోవాలి. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడూ, రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడూ అలాగే జరగాలి. మెల్లగా మూసుకుంటే ముందు బార్ ఎండ్ చూడండి. గ్రిప్ రబ్బరు దానికి రాసుకుంటూ ఉంటుంది. రెండిటి మధ్య మిల్లీమీటరు సందు కనిపించాలి. కొత్త గ్రిప్ వేసినప్పుడు ఇది చాలా మామూలు తప్పు. తర్వాత గ్రిప్ కింద ప్లాస్టిక్ గొట్టం విప్పి, బార్ మీదున్న దుమ్మూ జిడ్డూ తుడిచేయండి. అక్కడ గ్రీజు పూయొద్దు, దుమ్ము పట్టి నాలుగు నాళ్లలో ముద్దవుతుంది. కేబుల్‌లో ఆయిల్ వేసి, గ్రిప్ అంచు దగ్గర 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఆట ఉందేమో చూడండి. తేలిక కోసం రిటర్న్ స్ప్రింగ్ మార్చడం, వదులు చేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. చేయి జారితే యాక్సిలరేటర్ మూసేది ఆ స్ప్రింగే.

ఇక మీరడిగినవి. గ్రిప్ మీద తగిలించే అరచేతి ప్లేటు హైవే మీద బాగా పనికొస్తుంది. వేళ్లు పూర్తిగా వదులు చేసి అరచేతి బరువుతోనే వేగం నిలపొచ్చు. ప్రమాదం ట్రాఫిక్‌లో ఉంది. బ్రేక్ పట్టడానికి చేయి ముందుకు వెళ్లినప్పుడు అరచేయి ప్లేటు మీద ఒత్తితే బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి పడతాయి. అందుకని యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు ప్లేటు అరచేతికి తగలనంత పైన ఉండాలి, హైవే వేగానికి తిప్పినప్పుడే అరచేతి కిందికి రావాలి. ఊళ్లోకి రాగానే గ్రిప్ చుట్టూ తిప్పి పక్కకు పెట్టేయండి. థ్రాటిల్ లాక్ అనేది క్రూజ్ కంట్రోల్ కాదు. ఎత్తు, పల్లం దానికి తెలియదు. చేత్తో వెనక్కి తిప్పితే వెంటనే మూసుకునే రాపిడి రకమే వాడాలి. అది కూడా చేతిని కొన్ని క్షణాలు విదిలించుకోవడానికి మాత్రమే. మీ బండికి నేనైతే ఈ రెండిట్లో ప్లేటే ఎంచుకుంటాను.

గ్లవ్స్ విషయం: జెల్ ఉన్నంత మాత్రాన మంచిది కాదు. జెల్ ముక్క సరిగ్గా ఆ నరం మీదే గుట్టలా ఉంటే ఒత్తిడి పెరుగుతుంది. నరానికి రెండు వైపులా మెత్త ఉండి మధ్యలో గాడి ఉన్నవి వెతకండి. మందం ఎక్కువైతే గ్రిప్ తెలియక ఇంకా గట్టిగా పిసుకుతారు. పిడికిలి మూసినప్పుడు అరచేతిలో బట్ట మడతలు పడకూడదు, వేళ్ల కొసలు గ్లవ్ చివర్లకు ఒత్తుకోకూడదు. గ్లవ్స్ వేసుకుని ఇంట్లోనే అరగంట కూర్చోండి, పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండండి. అక్కడే జివ్వుమంటే బండి తప్పేమీ లేదు. మణికట్టు పట్టీ కింద ఒక వేలు దూరాలి. వాచీ, ఉంగరం, బిగుతైన జాకెట్ కఫ్, ఈ మూడూ కూడా ఒకసారి తీసి చూడండి.

గ్రిప్ మీద తొడిగే స్పాంజి తొడుగులు కూడా అదురును తగ్గిస్తాయి. తొడగడానికి సబ్బునీళ్లు వాడి, పూర్తిగా ఆరేదాకా, కనీసం ఒక రాత్రి బండి తీయకండి. ఆయిల్, గ్రీజు వాడితే తొడుగు గ్రిప్ మీద తిరుగుతూనే ఉంటుంది. యాక్సిలరేటర్ వైపు అది చాలా ప్రమాదం. చేతులు చిన్నవైతే తొడుగు వద్దు. పిడికిలి బిగిస్తే బొటనవేలు కొస చూపుడు వేలి గోరును దాటి రావాలి. అంత రాకపోతే గ్రిప్ మీకు లావైపోయినట్టే, పట్టుకోవడానికే బలం ఖర్చవుతుంది.

పానాపట్టు:

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో ఎప్పటికీ తెలియదు.

ఇరుసు:

చేతుల గురించి ఇంత మాట్లాడుకున్నాం, సీటు గురించి ఎవరూ రాయలేదు. అరచేతుల మీద బరువు ఎందుకు పడుతోందో చూడకుండా మెత్తలు వేస్తూ పోతే లాభం లేదు. సీటు ముందుకు వాలి ఉంటే ఒళ్లు ట్యాంకు వైపు జారుతూ ఉంటుంది, దాన్ని ఆపడానికి తెలియకుండానే చేతులతో నెడుతూ ఉంటారు. పరీక్ష తేలిక. తిన్నని, ఖాళీ రోడ్డు మీద, స్థిరమైన వేగంలో రెండు చేతుల వేళ్లనూ గ్రిప్ మీదే పియానో వాయించినట్టు కదపండి. మోచేతుల్ని రెక్కల్లా పైకీ కిందికీ ఆడించండి. ఒళ్లు ముందుకు పడబోతే బరువు మోస్తున్నది చేతులే.

మోకాళ్లతో ట్యాంకును పట్టుకుంటే నడుము, తొడలు ఆ బరువు తీసుకుంటాయి. ట్యాంకు జారుతుంటే పక్కల రబ్బరు ప్యాడ్లు అంటించండి. సీటు వాలు ఎక్కువైతే స్పాంజి ముందు భాగం లేపించి సమతలం చేయించుకోండి. ముందు సీటు కింద మడిచిన రబ్బరు షీటు పెట్టి, సీటు లాకు సరిగ్గా పడుతోందని చూసుకుని, కొంతదూరం నడిపి తేడా తెలిశాకే కుట్టించండి.

ఇంత చేసినా ముందుకే వంగాల్సి వస్తుంటే అప్పుడు రైజర్. 20 నుంచి 30 మిల్లీమీటర్లు మామూలుగా సరిపోతుంది. మరీ ఎత్తితే భుజాలు పైకి లేస్తాయి, హైవే వేగంలో గాలికి ఒళ్లు వెనక్కి పోతుంటే గ్రిప్పులు పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. అదీ తిమ్మిరే. రైజర్ వేశాక బ్రేక్ హోస్, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, వైర్లు ఏవీ హ్యాండిల్ రెండు చివర్లకు తిప్పినప్పుడు బిగుసుకోకూడదు. ముందు ఫోర్కును పూర్తిగా సాగదీసి, అంటే ముందు చక్రం గాల్లో ఉండగా కూడా అదే చూడండి. నేల మీద సరిపోయిన హోస్ గుంతలో చక్రం కిందికి సాగినప్పుడు చాలకపోవచ్చు.

ఫిజియో_రైడర్:

ఎడమ చేయి తేలిందంటే సంతోషం. కుడి చేతి వెనక భాగం మామూలుగా ఉందన్నారు కాబట్టి మోచేతిని పక్కన పెట్టొచ్చు. పైన లాంగ్‌గేర్ గారు చెప్పిన పట్టు మార్పే మీకు అసలు మందు.

మొదటి తిమ్మిరి వచ్చేదాకా ఆగి, అప్పుడు బండి ఆపకండి. మీకు గంటన్నరకు వస్తుంటే గంటకే ఆగండి. నలిగిన నరం తేరుకోవడానికి పట్టే సమయం నలిగిన సమయంతో పాటే పెరుగుతుంది. ఆగినప్పుడు చేయి ముందుకు చాపి, అరచేయి ఎదుటివైపుకు పెట్టి, రెండో చేత్తో వేళ్లను మెల్లగా మీ వైపు లాగి 15, 20 సెకన్లు ఉంచండి. తర్వాత అరచేయి కిందికి వంచి అలాగే. ఆపైన వేళ్లు పూర్తిగా చాపడం, కొక్కెంలా ముడవడం, పిడికిలి బిగించడం ఒకదాని వెంట ఒకటి ఐదారు సార్లు. నొప్పి వచ్చేంత లాగొద్దు. జివ్వు పెరిగితే ఆపేయండి. చలిలో వేళ్లకు రక్తం తగ్గుతుంది, అదురు ప్రభావం ఎక్కువవుతుంది. వేడి గ్రిప్పులు ఉంటే వేళ్లు చల్లబడకముందే వేయండి. పొగతాగేవాళ్లకు రక్తనాళాలు ఇంకా ముడుచుకుంటాయి.

బండి సరిచేసి సరిపెట్టుకోకూడని సందర్భాలున్నాయి. బండి దిగిన మర్నాటికీ తిమ్మిరి ఉండటం, రాత్రి నిద్రలో చేతుల తిమ్మిరితో మెలకువ రావడం, చేతిలోని వస్తువులు జారిపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవడం, బొటనవేలి మొదట్లో కండ తగ్గినట్టు కనిపించడం. వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించాలి. అవసరమైతే నరాల వేగం కొలిచే పరీక్ష చేస్తారు. నరం చాలాకాలం నలిగితే కండ మళ్లీ పూర్తిగా రాకపోవచ్చు. కాళ్లకూ తిమ్మిరి ఉంటే మధుమేహం, బి12 లోపం, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. చలికి వేళ్లు తెల్లగా పాలిపోతుంటే అది రక్తనాళాల సంగతి, ఆలస్యం చేయొద్దు. ఒక పక్క చేయి ఉన్నట్టుండి మొద్దుబారి, మాట తడబడినా, మూతి వంకర పోయినా అది బండి వల్ల వచ్చింది కాదు. అప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకుండా అత్యవసర వైద్యానికి వెళ్లాలి.

కుడి చేతికి రాత్రిపూట కూడా మణికట్టు నొప్పి ఉంటే, నిద్రలో చేయి మడవకుండా తిన్నగా ఉంచే స్ప్లింట్ కొన్ని వారాలు వాడి చూడండి. అది వేసుకుని బండి మాత్రం నడపొద్దు. బ్రేక్ లివర్ దాకా వేళ్లు సరిగ్గా అందవు.